ట్రెడ్‌మిల్ మీద మొదలుపెట్టి పది వారాల్లో అలిపిరి మెట్లెక్కాలంటే ఎలా?

కొర్లగుంట_వాసి:

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్లు, 84 కిలోలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. బీపీకి రోజూ అటెనొలాల్ వేసుకుంటున్నాను, షుగరు లేదు. అలిపిరి నుంచి కాలినడకన తిరుమల కొండెక్కుతానని మొక్కు ఉంది, ఇంకా పది వారాలు టైముంది. ఇంట్లో సెకండ్ హ్యాండ్ ట్రెడ్‌మిల్ ఉంది. మీద రెండు హార్స్‌పవర్ అని రాసుంది, ముందువైపు ఎత్తు పెంచే ఇన్‌క్లైన్ బటన్‌తో 12 దాకా లేస్తుంది.

అడగాల్సినవి మూడు. ఏ వేగంతో, ఎన్ని నిమిషాలతో మొదలుపెట్టాలి? గుండె వేగం 220లోంచి వయసు తీసేసి లెక్క వేసుకోమంటున్నారు, నాకది పనికొస్తుందా? మూడోది మిషన్ గురించి. అడుగు వేసినప్పుడల్లా బెల్టు ఒక్క క్షణం ఆగి కదిలినట్టు కుదుపు వస్తోంది, మెల్లగా కుడివైపుకు కూడా జరుగుతోంది. వెనక బోల్టులు బిగిస్తే సరిపోతుందా?

చిత్తూరు_సర్వీసు:

సార్, బోల్టుల మీద ఇప్పుడే చెయ్యి పెట్టొద్దండి. ముందు బెల్టు కింద నూనె ఉందో లేదో చూడండి. కుదుపు రాగానే అందరూ ఎల్ కీ తీసి బెల్టు బిగించేస్తారు. బెల్టు కిందుండే పలక ఎండిపోయుంటే బిగించేకొద్దీ రాపిడి ఇంకా ఎక్కువైతాది, మోటారు కరెంటు ఎక్కువ లాగతాది, కంట్రోల్ బోర్డు వేడెక్కతాది. చిన్న సీసా నూనెతో పోయే పని బోర్డు మార్చేదాకా వస్తాది.

ప్లగ్గు పీకేయండి. బెల్టు మధ్యలో అంచు ఎత్తి, సరిగ్గా పాదం పడే చోట లోపలికి చెయ్యి పెట్టి తడమండి. వేళ్లకు జిడ్డు తగలాల. పొడిగా, గరుగ్గా ఉంటే నూనె అయిపోయినట్టే. ట్రెడ్‌మిల్‌కని అమ్మే సిలికాన్ ఆయిల్ మాత్రమే వాడండి. ఒక్కో వైపు నుంచి 10 నుంచి 15 మిల్లీలీటర్లు, మధ్యభాగంలో అటూ ఇటూ గీతలు గీసినట్టు పోసి, గంటకు 3 కిలోమీటర్ల వేగంతో మూడు నాలుగు నిమిషాలు నడిస్తే సమంగా పరుచుకుంటాది. అంతకంటే ఎక్కువ పోస్తే బెల్టు జారతాది, దుమ్ము పట్టి ముద్ద కడతాది. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఇంట్లో ఉండాయి కదా అని వాడొద్దండి, బెల్టు అడుగు పొర పాడైపోతాది. కొన్ని మోడళ్లలో పలకకు మైనం పూత ఉంటాది, వాటికి నూనె వేయగూడదు. మీ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఆ మాట ఉందేమో ఒకసారి చూసుకోండి.

నూనె వేసినాక కూడా కుదుపు పోకుంటే అప్పుడు బిగువు చూడాల. మధ్యలో బెల్టు అంచు పట్టుకుని ఎత్తితే 5 నుంచి 7 సెంటీమీటర్లు లేవాల. అంతకంటే ఎక్కువ లేస్తే వదులు. వెనక రెండు బోల్టులనీ గడియారం తిరిగే దిక్కులో పావు చుట్టు తిప్పండి, రెండూ సమానంగా. మళ్లీ నడిచి చూసి, కావాలంటేనే ఇంకో పావు. బెల్టు జారినప్పుడు ముందు రోలరు తిరగతానే ఉంటే బెల్టు వదులైనట్టు. మోటారు తిరగతా రోలరు కూడా ఆగిపోతే లోపలి చిన్న డ్రైవ్ బెల్టు వదులైనట్టు. మూత తీసి చేసే ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

కుడివైపుకు జరిగేదానికి ముందు నేల చూడండి. మిషన్ కాలు ఒకటి ఎత్తుపల్లంగా ఉంటే బోల్టు ఎంత తిప్పినా బెల్టు నిలబడదు. నేల సమంగానే ఉంటే, మిషన్ మీద ఎవరూ లేకుండా 4, 5 కిలోమీటర్ల వేగంలో తిప్పతా, కుడి బోల్టు పావు చుట్టు బిగించి ఒక నిమిషం ఆగండి. బిగుసుకున్న వైపు నుంచి బెల్టు రెండో వైపుకు జరగతాది. తొందరపడి వరసగా తిప్పితే అటుపక్కకు పోయి అంచు చిరిగిపోతాది.

కరెంటు సంగతి కూడా చెప్తా. 16 ఆంపియర్ల సాకెట్, మంచి ఎర్తింగ్ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, ఏసీ ఉన్న లైనులో వద్దు, ఇన్వర్టర్ మీద అసలే వద్దు. ఇంగొకటి, ఆ రెండు హార్స్‌పవర్ అనేది ‘పీక్’ లెక్కా ‘కంటిన్యువస్’ లెక్కా చూడండి. పీక్ అయితే ఆగకుండా ఇచ్చే శక్తి అందులో సగమే ఉండొచ్చు. ఎంత బరువు వరకు ఓర్చుకుంటాదో స్టిక్కరు మీద ఉంటాది. మిషన్ వెనక రెండు మీటర్లు ఖాళీ వదలండి, గోడకు ఆనించి పెడితే జారిపడినోళ్లు బెల్టుకూ గోడకూ మధ్యలో ఇరుక్కుంటారు. సేఫ్టీ కీ క్లిప్పు చొక్కాకు పెట్టుకోకుండా బటన్ నొక్కొద్దండి.

నడక_ఫిజియో:

గుండె వేగం లెక్క మీకు పనికిరాదండి. అటెనొలాల్ పని చేసేదే గుండె వేగం తగ్గించి. 220 లోంచి 44 తీస్తే 176 వస్తుంది, గుండె నిమిషానికి గరిష్ఠంగా కొట్టుకునే లెక్క అది, అందులో 70 శాతమంటే 123. ఆ అంకె కోసం పరిగెత్తితే మీ ఒంటికి మించిన శ్రమ అవుతుంది. మాత్ర ఆపి నడవడం ఇంకా ప్రమాదం. మాటను కొలతగా పెట్టుకోండి. నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే వేగం తగ్గించండి. ఇన్నాళ్లూ వ్యాయామం లేదు, బీపీ ఉంది, పైగా లక్ష్యం కొండ. కాబట్టి మొదలుపెట్టే ముందు మీ డాక్టరుకు ఈ సంగతి చెప్పి, ఈసీజీ అవసరమా అని అడగండి. ఛాతీలో బిగువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఇందులో ఏది వచ్చినా ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ముందు నిమిషాలు పెంచండి, తర్వాత ఎత్తు. వేగం పెంచాల్సిన పనే దాదాపు లేదు. మొదటి రెండు వారాలు వారానికి ఐదు రోజులు, రోజుకు 20 నిమిషాలు: 3 కిలోమీటర్ల వేగంతో 5 నిమిషాలు, 4 నుంచి 4.5 తో 10 నిమిషాలు, మళ్లీ 3 కి దిగి 5 నిమిషాలు. మూడు, నాలుగు వారాల్లో మొత్తం 35 నిమిషాలకు చేర్చండి. ఐదో వారం నుంచి ఎత్తు. 5 శాతం (అంటే వంద మీటర్లు నడిస్తే ఐదు మీటర్ల ఎత్తు) మీద 3 నిమిషాలు, సమతలంలో 3 నిమిషాలు, ఇలా నాలుగు విడతలు. వారానికి ఒకటి రెండు శాతం పెంచుతూ ఎనిమిదో వారానికి 10 శాతం మీద ఆగకుండా 20 నిమిషాలు నడవగలిగితే చాలు. ఎత్తు రోజులు వారానికి మూడే, వరసగా రెండు రోజులు వద్దు. పిక్కలూ మడమ వెనక నరమూ అలవాటుపడక ముందే ఎత్తు పెంచేసి, పొద్దున లేవగానే మడమ పట్టేసిందని వస్తుంటారు.

ఎత్తు ఎంత బరువైన పనో తెలియాలంటే, గంటకు 4.8 కిలోమీటర్ల వేగంతో సమతలంలో నడిచేదానికీ 10 శాతం మీద నడిచేదానికీ ఒంటికి కావలసిన ఆక్సిజన్ రెండింతలకు పైనే తేడా. కానీ ముందున్న కడ్డీ పట్టుకుని వెనక్కి వాలారంటే ఆ లాభమంతా పోతుంది, ఒళ్లు బెల్టుకు లంబంగా నిలబడి సమతలంలో నడిచినట్టే అవుతుంది. కడ్డీ పట్టుకోకుండా నడవలేకపోతున్నారంటే ఎత్తు మీకు ఎక్కువైందని అర్థం, రెండు శాతం దించండి.

కొర్లగుంట_వాసి:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పలక ఎండిపోయి ఉంది, నూనె వేశాక కుదుపు పోయింది. ఇంకో సందేహం. మిషన్ మీద 12 అంటే 12 శాతమేనా?

నడక_ఫిజియో:

అదొట్టి బటన్ నంబరు కావచ్చు, కొలిస్తే తెలిసిపోతుంది. మిషన్‌ను 12 లో లేపి ఆపేయండి. బెల్టు మీద ఒకదానికొకటి మీటరు దూరంలో రెండు చోట్ల చాక్‌పీసుతో గుర్తు పెట్టి, ఒక్కోచోట నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో చూడండి. రెండింటి తేడా ఎన్ని సెంటీమీటర్లో అన్ని శాతం. తేడా 7 సెంటీమీటర్లే వస్తే మీ 12 నిజానికి 7 శాతమే. అప్పుడు ఎత్తు మీద నడిచే సమయం పెంచుకోవాలి. 10 శాతం మీద గంటకు 4 కిలోమీటర్ల వేగంతో 30 నిమిషాలు నడిస్తే నిలువునా 200 మీటర్లు ఎక్కినట్టు. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుంటే సుమారు 1,330 మెట్లు. 7 శాతం మీద అదే ఎత్తు రావాలంటే 43 నిమిషాలు పడుతుంది.

అలిపిరి_మెట్లు:

అన్నా, మిషన్ మీద ఊపిరి కుదురుకుంటుంది కానీ మెట్టుకు పాదం ఎత్తి, ఒంటికాలి మీద ఒళ్లంతా లేపడం రాదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. నిటారు అంతా మొదట్లోనే. గాలిగోపురం చేరేసరికే రెండు వేల పైచిలుకు మెట్లు అయిపోతాయి. తర్వాత ఏడో మైలు ఆంజనేయస్వామి దాకా చాలావరకు చదునే. చివర్లో మోకాళ్ల మెట్టు దగ్గర మళ్లీ నిటారు, అప్పటికి తొడల్లో సత్తువ మిగలాలి. కొండకున్న రెండో నడకదారి శ్రీవారి మెట్టులో 2,388 మెట్లే కదా, దగ్గర కదా అనుకుంటారు కానీ ఆ మెట్లన్నీ 2.1 కిలోమీటర్లలోనే ఉంటాయి. మధ్యలో అలిపిరిలాగా ఊపిరి తీసుకునే చదును దొరకదు. మొదటిసారికి అలిపిరే మంచిది.

ఐదో వారం నుంచి వారానికి రెండు రోజులు ఇంటి మెట్ల దగ్గర ఇది చేయండి. అడుగు మెట్టు మీద ఒక కాలు పెట్టి లేచి నిలబడండి. రెండో కాలు నేలకు ఆనేదాకా మూడు లెక్కపెడుతూ నిదానంగా దిగండి. కాలికి 10 చొప్పున మూడు విడతలు. మోకాలు లోపలికి వాలకుండా పాదం రెండో వేలికి సూటిగా ఉండాలి. కొండ దిగేటప్పుడు తొడల ముందు కండరం సాగుతూ బరువు మోస్తుంది, ఆ నొప్పి మర్నాడూ ఆ మర్నాడూ ఎక్కువవుతుంది. మిషన్ మీద ఎంత నడిచినా దిగే పనికి తయారవ్వలేం. మొదటిసారి బస్సులో దిగేయండి.

మొక్కు కాబట్టి చెప్పుల్లేకుండానే ఎక్కుతారు కదా. మిషన్ మీద మాత్రం బూట్లు తీయొద్దు, బెల్టు వేడికి అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. పాదాలకు అలవాటు కావడానికి తెల్లవారుజామున మేడ మీద గచ్చు చల్లగా ఉన్నప్పుడు 5 నిమిషాలతో మొదలుపెట్టి 20 దాకా ఒట్టి కాళ్లతో నడవండి. ఏడో వారంలో ఒక ఆదివారం గాలిగోపురం దాకా ఎక్కి చూడండి. నడకదారి తెరిచే సమయాలు, పిల్లల విషయంలో నిబంధనలు మారుతుంటాయి, ముందురోజే కనుక్కోండి. పదో వారం మిషన్ మీద నిమిషాలు సగానికి తగ్గించి, ఎక్కే ముందు రెండు రోజులు కాళ్లకు పూర్తిగా విశ్రాంతి ఇవ్వండి. బ్యాగు మోయొద్దు, అలిపిరిలో లగేజీ అప్పజెప్పి రసీదు తీసుకుంటే కొండ మీద ఇస్తారు. నీళ్లు దారిలోనే దొరుకుతాయి, కాబట్టి ఒక చిన్న సీసా, మధ్యాహ్నం మాత్ర ఉంటే అది, చెమట తుడుచుకోవడానికి తువ్వాలు చాలు.