తేలికపాటి మతిమరుపు ఉన్న అమ్మకు డిమెన్షియా వస్తుందో రాదో స్కాన్ చెప్పగలదా?

ప్రశ్న:
మా అమ్మగారు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. వయసు 76. కొన్ని నెలలుగా అడిగిందే అడుగుతున్నారు. మొన్న పాలవాడికి డబ్బులిచ్చి, పావుగంటకే మళ్లీ పర్సు తీశారు. అయినా వంట, మందులు, పాస్‌బుక్ లెక్కలు ఇప్పటికీ ఆవిడే చూసుకుంటారు. న్యూరాలజిస్టు దీన్ని ఎం.సి.ఐ. అన్నారు, అంటే మామూలు మతిమరుపుకూ డిమెన్షియాకూ నడుమనున్న స్థితి అట. ఎం.ఆర్.ఐ. రిపోర్టులో ‘మీడియల్ టెంపొరల్ అట్రోఫీ, గ్రేడ్ 2’ (జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగం కుంచించుకుపోవడం) అని చదివిన నాటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పెట్ స్కాన్ చేయిస్తే తేలిపోతుందని మామయ్య, ఈ ఎం.ఆర్.ఐ.నే ఏ.ఐ. సాఫ్ట్‌వేరుకు ఇస్తే చాలని తమ్ముడు అంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (రేడియాలజిస్టు):
ఆ గ్రేడు 1992లో షెల్టెన్స్ బృందం రూపొందించిన కొలమానం. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్ ఎత్తు ఎంత తగ్గింది, దాని చుట్టూ ఖాళీ ఎంత పెరిగింది అన్నది కంటితో చూసి 0 నుంచి 4 వరకు వేస్తాము. 75 దాటినవారిలో గ్రేడ్ 2 వయసుతో వచ్చే మార్పు కిందికే వస్తుందని సాధారణంగా లెక్క; అదే 65 ఏళ్లవారి రిపోర్టులో ఉంటే నేను ఆలోచించేవాణ్ణి. పైగా ఒక్క ఫొటో కంటే, ఏడాది తర్వాత తీసిన రెండో ఫొటోతో పోల్చి చూడడం ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే డిమెన్షియాకు ముఖ్య కారణమైన అల్జీమర్స్ జబ్బు ఉన్నవారిలో హిప్పోక్యాంపస్ అదే వయసు ఆరోగ్యవంతులలో కంటే చాలా వేగంగా కుంచించుకుపోతుంది.

జవాబు 2 (మెడికల్ ఇమేజింగ్ డేటాపై పనిచేస్తాను):
తమ్ముడుగారు చెప్పిన సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి శిక్షణ ఇచ్చింది 2004లో అమెరికాలో మొదలైన ఆడ్నీ అనే అల్జీమర్స్ అధ్యయనం స్కాన్లతో. అందులో పాల్గొన్నవారు ఎక్కువగా బాగా చదువుకున్న తెల్లజాతివారు. పైగా కొన్ని పరిశోధనలలో ఒకే మనిషి స్కాన్ ముక్కలు శిక్షణలోనూ పరీక్షలోనూ కలిసిపోయి, కచ్చితత్వం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. ప్రశ్నపత్రం ముందే చూసి రాసిన పరీక్ష లాంటిదది. మన దగ్గర సంగతి వేరుగా ఉండవచ్చనడానికి ఒక ఆధారం ఉంది. 2013లో హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించినప్పుడు, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. మెదడులో ఒకే మేరకు నష్టం జరిగినా, బయటికి ఒక్కొక్కరిలో ఒక్కోలా కనిపిస్తుందన్నమాట.

జవాబు 3 (న్యూరాలజిస్టు):
అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను చూపేది అమిలాయిడ్ పెట్ స్కాన్. అందులో ఏమీ లేదని వస్తే, ఈ మతిమరుపుకు అల్జీమర్స్ కారణం కాకపోవచ్చని చాలామటుకు ధైర్యంగా చెప్పగలము. ఉందని వస్తే ముప్పు ఎక్కువని చెప్పగలము గానీ ఎప్పుడన్నది చెప్పలేము; ఆ వయసులో జ్ఞాపకశక్తి చక్కగా ఉన్నవారిలో కూడా అమిలాయిడ్ కనిపిస్తుంది. ఎం.సి.ఐ. ఉన్నవారిలో కొందరు తిరిగి మామూలు స్థితికి వస్తారు కూడా. చికిత్స నిర్ణయం మారేలా ఉంటేనే పెట్‌కు ఖర్చు పెట్టండి. ముందు బి12, థైరాయిడ్, వినికిడి పరీక్షలు చేయించారా? నిద్రమాత్రలేమైనా వాడుతున్నారా? వీటివల్ల కూడా మతిమరుపు కనిపించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
థైరాయిడ్ చేయించాము, బి12 చేయించలేదు. నిద్రమాత్ర మాత్రం రెండేళ్లుగా వేసుకుంటున్నారు, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాలని మాకు తట్టనే లేదు. సోమవారం ఆ చీటీ తీసుకుని వెళ్తాము.