అప్‌డేట్: 'నెల్లూరు చేపల పులుసు మసాలా' ట్రేడ్‌మార్క్ అభ్యంతరం

మసాలా పొడికి ఈ పేరుతో 30వ క్లాసులో (మసాలాల్లాంటి సరుకుల వర్గం) వర్డ్ మార్క్, అంటే బొమ్మ లేని ఉత్త పేరు మీద హక్కు, అడిగితే ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9(1)(బి) కింద, అంటే సరుకుని వర్ణించే పేరని, అభ్యంతరం వచ్చిందని, జవాబు ఎలా ఇవ్వాలని అడిగాను కదా. ఆ అభ్యంతరం రాసిన రిపోర్టు అందిన 30 రోజుల్లో జవాబు వెయ్యాలి. దానికి ఫీజు లేదు.

మీరన్నదే నిజం. ఊరి పేరు, కూర పేరు, సరుకు పేరు మూడూ వర్ణనే. అవి ఒక్కరి సొత్తు కావాలంటే ఆ పేరు వినగానే జనానికి ఆ ఒక్క సరుకే తట్టాలి. ఆ రుజువు మా దగ్గర లేదు. పైగా దరఖాస్తులో పేరు వాడకం మొదలైన తేదీ 2019 అని రాశాం, ఉన్న మొదటి బిల్లు 2021ది. బిల్లు మీదేమో షాపు పేరే ఉంది, మసాలా పేరు లేదు! ఇక వాడకానికి రుజువుగా వేసే అఫిడవిట్‌కి బలమెక్కడిది?

పాత దరఖాస్తులోని మార్కుకే కొత్త పదం తగిలించి సవరిద్దామంటే, గుర్తు రూపం గణనీయంగా మారే సవరణ ఒప్పుకోరు. అందుకే కొత్తగా టీఎం-ఏ (ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఫారం) వేశాం. వ్యక్తి పేరున ఆన్‌లైన్‌లో క్లాసుకి 4,500 రూపాయలు. ఈసారి కల్పిత పదం పెద్దక్షరాల్లో, పక్కన మట్టి దాక బొమ్మ. వాటి కింద చిన్నగా 'నెల్లూరు చేపల పులుసు', దానిమీద హక్కు అడగకుండా. ఊరగాయలు 29వ క్లాసు, వాటికి మళ్లీ ఫీజు కాబట్టి ఆపాం.

దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో పడ్డాక ఇతరులు వ్యతిరేకించడానికి 4 నెలల గడువు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ప్యాకెట్ మీద 'టీఎం' మాత్రమే. ఈలోగా వృత్తంలో ఆర్ (రిజిస్టర్ అయిందనే గుర్తు) వేస్తే సెక్షన్ 107 కింద నేరం. ప్రింటరు అలవాటుగా వేసేశాడు, ప్రూఫ్‌లోనే పట్టుకున్నాం.