పాత ఫైబర్ బోటు ట్రాన్సమ్ కుళ్ళింది: పాలిస్టరా, ఎపాక్సీయా?

పున్నమిఘాట్_బోటు: 18 అడుగుల పాత ఫైబర్ బోటు, 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్. థ్రాటిల్ ఇస్తే ట్రాన్సమ్ (మోటారు తగిలించే వెనక గోడ, రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క) ఊగుతోంది. డ్రెయిన్ ప్లగ్ పక్కన డ్రిల్లు పెడితే నల్లటి తడిపొట్టు వచ్చింది, ముక్కిన వాసన. చిన్న సుత్తితో కొడుతూ పోతే ఎడమ సగమంతా బొద్దు చప్పుడు, కుడివైపు పైన మాత్రం టంగుమంటోంది. మళ్ళీ అతకడానికి ఒక మేస్త్రి పాలిస్టర్ రెజిన్ (గాజునారని తడిపి గట్టిపరిచే జిగురు) చాలన్నాడు, ఇంకో మేస్త్రి ఎపాక్సీ అయితేనే చేస్తానన్నాడు. ఎవరి మాట వినాలి?

గాజుచాప: పాలిస్టర్ చాలు. ఆ బోటు పుట్టిందే పాలిస్టర్‌తో. ముందు మోటారు దించి, బోటు అడుగున ఎక్కడా కుంగకుండా దిమ్మలు పెట్టి లెవెల్ చూసుకోండి. వంకరగా ఉన్నప్పుడు చెక్క తీస్తే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. లోపలి పొరని 4 అంగుళాల గ్రైండర్‌తో చుట్టూ 3 అంగుళాల అంచు వదిలి కొయ్యండి. బయటి పొరని ముట్టుకోవద్దు, ఆకారం దానిదే. కుడివైపు గట్టిగా ఉంది కదా అని వదలొద్దు, చెక్క మొత్తం తీసెయ్యాలి. తడి ప్లై పొరల వెంట ఎంత దూరం పాకిందో చప్పుడుతో తేలదు. తీశాక బాగా ఆరనిచ్చి 40 నంబర్ డిస్కుతో గరుకు చెయ్యండి.

అట్టముక్కతో కొలత తీసి, 19 ఎంఎం మెరైన్ ప్లై రెండు ముక్కలు కోస్తే 38 వస్తుంది. ట్రాన్సమ్ 5 అడుగులు, 2 అడుగులు అనుకుంటే ఒక్క షీటులోంచే రెండూ వచ్చేస్తాయి. 450 గ్రాముల మ్యాట్ (గాజునార చాప) రెండు పొరలు రెజిన్‌తో తడిపి బయటి పొరకి వేసి, దాని మీద మొదటి ముక్క, మళ్ళీ మ్యాట్, రెండో ముక్క. క్లాంపులు మరీ బిగిస్తే రెజిన్ అంతా బయటికి కారి అతుకు ఎండిపోతుంది. మూలల్లో ఎరోసిల్ (రెజిన్‌ని చిక్కబరిచే పొడి) కలిపిన ముద్దతో గుండ్రంగా పూడ్చి, పైన 450 మ్యాట్, 600 రోవింగ్ (నేసిన గాజుగుడ్డ) మార్చి మార్చి మూడు జతలు. ఒక్కో పొర కిందిదానికంటే 2 అంగుళాలు ఎక్కువగా బోటు పక్కల మీదికి వెళ్ళాలి. అంతా కలిపి ఐసో రెజిన్ (నీటిని బాగా తట్టుకునే పాలిస్టర్ రకం) 10-12 కిలోలు పడుతుంది. కిలోకి 15 మిల్లీల హార్డెనర్. మే నెల ఎండలో 10. అంతకంటే తగ్గిస్తే లోపల ఎప్పటికీ పచ్చిగానే ఉంటుంది. కోబాల్ట్ (రెజిన్‌ని తొందరగా గట్టిపరిచే మందు) విడిగా కలిపేవాళ్ళు దాన్నీ హార్డెనర్‌నీ నేరుగా కలపొద్దు, పేలుతుంది.

సీతానగరం66: పని చెప్పిన తీరు బాగుంది, రెజిన్ దగ్గరే పేచీ. బోటు పుట్టినప్పుడు పొర మీద పొర పచ్చిగా ఉండగానే వేశారు, అన్నీ ఒకే ముద్ద అయ్యాయి. ఇప్పుడు ఏళ్ళ కిందట గట్టిపడిన పొర మీద వేస్తున్నాం, ఇది గరుకు పట్టుకుని నిలబడే అతుకు. పాలిస్టర్ గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది, చెక్కకి దాని పట్టు అసలే తక్కువ. ఎన్ని ట్రాన్సమ్‌లు చూసినా అదే, పొర ఒలుచుకుని అట్టలా వచ్చేస్తుంది, కింద చెక్క పొడిగా మెరుస్తుంటుంది. ఎపాక్సీ అయితే పాత పొర అంచుని మందానికి 12 రెట్ల వాలు పెట్టి అరగదీసి, కుట్టిన బయాక్సియల్ గుడ్డ (రెండు దిక్కుల్లో గాజునార ఉండేది) వాడండి. మామూలు మ్యాట్‌లో జిగురు కరగాలంటే పాలిస్టర్‌లో ఉండే ద్రావకం స్టైరీన్ కావాలి, ఎపాక్సీలో అది లేదు. మ్యాట్ బిగుసుకుని మూల తిరగదు.

గాజుచాప: ఎపాక్సీ మీద జెల్‌కోట్ (బోటు పైన మెరిసే పూత) పట్టదు. దీనికి సమాధానం చెప్పండి ముందు.

సీతానగరం66: ట్రాన్సమ్ లోపలివైపు జెల్‌కోట్ ఎవరికి కావాలి గురూ? ఎపాక్సీ మీద తేలే మైనాన్ని నీళ్ళతో కడిగి, 80 నంబర్ కాగితం కొట్టి, టూ-ప్యాక్ పాలీయురేథేన్ పెయింట్ వేస్తే సరి.

గాజుచాప: నేను అడిగింది జెల్‌కోట్ గురించి.

కానూరు_కుర్రాడు: ప్లై గొడవెందుకన్నా, టేకు పలక పెట్టేస్తే పోలా?

సీతానగరం66: వెడల్పాటి పలక తడికి అడ్డంగా ఉబ్బి పొరని చీలుస్తుంది. ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి ఆ బెడద తక్కువ. పైగా టేకులో నూనె, రెజిన్ సరిగ్గా పట్టదు.

బందరురేవు: మా వైపు ఉప్పునీళ్ళలో చెక్క ఇంత తొందరగా కుళ్ళదు.

గాజుచాప: నీళ్ళంటే నీళ్ళే. ప్రకాశం బ్యారేజీ పైన మంచినీళ్ళయితే తేడా ఏముంది?

సీతానగరం66: ఉంది. కుళ్ళు బూజు వల్ల. చెక్కలో 20 శాతం పైన తడి, గాలి ఉంటే అది బతుకుతుంది, ఉప్పు దాన్ని అణుస్తుంది. అసలు దొంగ కృష్ణ కూడా కాదు, వాననీళ్ళు. ప్లగ్ పెట్టి టార్పాలిన్ లేకుండా వదిలేస్తే వెనకభాగంలో మడుగు కడుతుంది, స్క్రూ రంధ్రాల్లోంచి చెక్కలోకి దిగుతుంది.

గాజుచాప: ఎపాక్సీ ధరలో నేను రెండు ట్రాన్సమ్‌లు చేస్తా. చేపలోళ్ళకి మీరు కొనిపెడతారా?

సీతానగరం66: ఎపాక్సీ అని బిల్లు వేసి పాలిస్టర్ పూసిన యార్డు సంగతి నాకు తెలుసు. గ్రైండర్ పెట్టగానే స్టైరీన్ వాసన గుప్పుమంది. మెరైన్ ప్లై అన్నది కూడా అంతే, ముద్ర మాత్రం మెరైన్ ప్లై స్టాండర్డ్ ఐఎస్ 710. ఒక ముక్క మరిగిస్తే పొరలు విడిపోయాయి. ఆ స్టాండర్డ్‌కి 72 గంటల మరుగు తట్టుకోవాలి.

గాజుచాప: ఎవడో చేసిన దొంగతనం తెచ్చి మేస్త్రీలందరికీ అంటిస్తారేంటండీ? మీరు రెజిన్ గురించి మాట్లాడుతున్నారా, మా నిజాయితీ గురించా?

సీతానగరం66: నిజాయితీ గురించే. పైపూత పడ్డాక లోపల ఏముందో దేవుడికి కూడా కనపడదు. ఆయన పేరులోనే పున్నమి ఘాట్ ఉంది, విజయవాడలో జనం బోటెక్కే చోటు. ఎక్కేది వలా, జనమా? ఆ మాట ఎవరూ అడగలేదు. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర జనంతో బోటు బోల్తాపడింది, మర్చిపోయారా?

గాజుచాప: అక్కడ చెక్క కుళ్ళి కాదు, పరిమితికి మించి ఎక్కించబట్టి. దాన్ని ట్రాన్సమ్‌కి ముడిపెట్టొద్దు. ఇద్దరు చేపలకెళ్ళే బోటు లెక్కలో చెప్పాను, ఆ లెక్కకి పాలిస్టర్ నిలబడుతుంది, ఇప్పటికీ అదే అంటా. జనాన్ని ఎక్కిస్తే మాత్రం నేను చెయ్యను, ఏ రెజిన్‌తోనైనా.

పున్నమిఘాట్_బోటు: అద్దెకేనండి. ఎనిమిది మంది దాకా.

సీతానగరం66: అదిగో. అయితే ముందు ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2021 కింద సర్వే, రిజిస్ట్రేషన్ చూసుకోండి. పొర తెరిచి ఉండగానే సర్వేయర్‌ని పిలవండి, మూసేశాక పిలిచి లాభం లేదు. ట్రాన్సమ్ కాళ్ళ దగ్గర్నుంచి బోటు పొడవునా అడుగున పోయే రెండు దూలాల్లోనూ డ్రిల్లు పెట్టండి, తడి అక్కడికే దిగుతుంది. కుళ్ళితే ఒకటి తీసి, కొత్తది వేసి, అది గట్టిపడ్డాకే రెండోది తియ్యాలి. రెండూ ఒకేసారి తీస్తే అడుగు అరటిదొప్పలా మెలి తిరుగుతుంది.

గాజుచాప: ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటా. ఎపాక్సీ వాడేట్టయితే హార్డెనర్ తూకం వేసి కలపమనండి, మా పాలిస్టర్‌లాగా ఎండని బట్టి తగ్గిస్తే పాడవుతుంది. బక్కెట్‌లో వదిలేస్తే పొగలొస్తుంది, వెడల్పాటి ట్రేలో పొయ్యాలి. తెల్లవారుజామున మొదలుపెట్టాలి.

కానూరు_కుర్రాడు: మోటారు బోల్టు రంధ్రాలు మామూలుగానే వెయ్యొచ్చా?

గాజుచాప: వెయ్యకూడదు. 12 ఎంఎం బోల్టుకి ముందు 20 ఎంఎం రంధ్రం తీసి, ఎరోసిల్ కలిపిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 12 వెయ్యాలి. అప్పుడు చెక్కకి నీళ్ళు తగలవు. డ్రెయిన్ రంధ్రానికీ అదే పద్ధతి, స్క్రూలు సీలెంట్‌లో ముంచి బిగించాలి.

సీతానగరం66: అక్కడ మాత్రం ఎపాక్సీనా?

గాజుచాప: రంధ్రాలన్నిటికీ కలిపి వంద గ్రాములు. పది కిలోలు కాదు.