లినక్స్ పెట్టాక షేర్డ్ ఫోల్డర్ నత్తనడక: మళ్లీ విండోస్‌కి పోవాలా?

అరండల్‌పేట డీటీపీ:
గుంటూరులో మా షాపులో ఐదు మెషిన్లు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. మూడు పాతవి, ఏడో తరం ఐ5లు, విండోస్ 11 ఎక్కనంటోంది. వాటిలో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్న రెండింటి జోలికి పోలేదు. జాబ్‌లన్నీ అందులో ఒకదాని షేర్డ్ ఫోల్డర్‌లోనే. 400 ఎంబీ ఫ్లెక్స్ ఫైల్ ఇదివరకు ఐదారు సెకన్లలో వచ్చేది. ఇప్పుడు రెండింట్లో ఇరవై సెకన్లు, ఒకదాంట్లో అర నిమిషం దాటుతోంది. కౌంటర్ దగ్గర పార్టీ నిలబడే ఉంటున్నాడు.

పట్నంబజార్ ప్రింటర్:
నడిచే బండిని ఎందుకు విప్పావు తమ్ముడూ? విండోస్ షేరింగ్ విండోస్‌తోనే కుదురుతుంది. వెనక్కి వెళ్లిపో.

బెజవాడ నెట్‌వర్క్:
వెనక్కా? సపోర్ట్ లేని దానికా? డీటీపీ అన్నా, ఫోల్డర్ ఎలా తెరుస్తున్నారు? ఫైల్ మేనేజర్‌లో నెట్‌వర్క్ నొక్కి అయితే మధ్యలో జీవీఎఫ్‌ఎస్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది. మీ మిర్చియార్డులో కమీషన్ ఏజెంట్ లాంటిది, ప్రతి బస్తా దాని చేతి మీదుగానే పోవాలి. అదే ఫోల్డర్‌ని సిఫ్స్‌తో మౌంట్ చేస్తే, అంటే సొంత డిస్క్‌లా తగిలిస్తే, లినక్స్ గుండెకాయ కెర్నెల్ నేరుగా మాట్లాడుతుంది. అంతకంటే ముందు నెట్‌వర్క్ స్పీడ్ చూపించే ఎత్‌టూల్ కమాండ్ కొట్టి చూడండి. స్పీడ్ సెకనుకు 1000 మెగాబిట్లు, అంటే గిగాబిట్ రావాలి. 100 వస్తే సెకనుకు పన్నెండు ఎంబీకి మించదు. మీ అర నిమిషం లెక్క నాకు అక్కడే అనుమానంగా ఉంది.

పట్నంబజార్ ప్రింటర్:
ఆ మౌంట్ సంగతి నాకూ తెలుసు. మా షాపులో పెట్టి చూశాం. పొద్దున కుర్రాడు ఫోల్డర్ ఉన్న మెయిన్ మెషిన్ ఆన్ చేయకుండా మిగతావి వేశాడు. బూట్ మధ్యలో ఆగి నల్ల తెర. మధ్యాహ్నం దాకా పని లేదు.

బెజవాడ నెట్‌వర్క్:
బూట్‌లో ఏవేవి మౌంట్ చేయాలో రాసే ఫైల్ ఎఫ్‌స్టాబ్. అందులో ఆ ఫోల్డర్ లైన్‌లో నోఫెయిల్ (దొరక్కపోయినా ఆగకు అని) పెట్టకపోతే అంతే. ఆటోమౌంట్ కూడా పెడితే ఫోల్డర్ తెరిచినప్పుడే కనెక్ట్ అవుతుంది.

అరండల్‌పేట డీటీపీ:
చూశాను. మూడోదాంట్లో 100. లినక్స్ వేసిన రోజే దుమ్ము దులుపుతామని సీపీయూలు జరిపాం, కేబుల్ టేబుల్ కాలి కింద పడింది. పైతొక్క ఒలిస్తే గోధుమరంగు తీగ తెగి ఉంది. 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలట. అందుకే నెట్ పోలేదు, నీరసపడింది. నేను నాలుగు రోజులు లినక్స్‌ని తిట్టుకున్నాను! మిగతా రెండూ 1000 చూపించాయి, అక్కడ తప్పు జీవీఎఫ్‌ఎస్‌దే. మౌంట్ చేశాక ఆరు సెకన్లు. పెళ్లి ఫోటోల ఫోల్డర్ మాత్రం ఇంకా నెమ్మదే. అన్నీ చిన్న ఫైళ్లు, ఒక్కోదానికి విడిగా అడగాలి కదా. థంబ్‌నెయిల్స్ (ఫైళ్ల చిన్న బొమ్మలు) ఆపాక కొంచెం నయం.

పట్నంబజార్ ప్రింటర్:
కేబుల్ సరే. ఆ ఎఫ్‌స్టాబ్ లైన్ రాసింది నువ్వు. నువ్వు ఊళ్లో లేని రోజు ఎవరు చూస్తారు?

అరండల్‌పేట డీటీపీ:
ప్రింట్ తీసి మానిటర్ వెనక అతికించాను అన్నా. షేర్డ్ ఫోల్డర్ పాస్‌వర్డ్ వేరే ఫైల్‌లో ఉంది, కాగితం మీద లేదు.