భుజాలు చెవుల దాకా లేస్తున్నాయట, నాకేమో తెలియడం లేదు

తెనాలి_తెర:
అందరికీ నమస్కారం. పగలు కరెంటాఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు పరిషత్తు నాటకాలు. ఎనిమిదేళ్లుగా వేస్తున్నా, అన్నీ తండ్రి వేషాలే. రెండో సీను దాటేసరికి గొంతు జీరబోతోంది, మెడ పట్టేస్తోంది. మొన్నొక పోటీలో న్యాయనిర్ణేత "వాచికం బాగుంది కానీ భుజాలు చెవుల్ని తాకుతున్నాయండీ" అన్నారు. హాలంతా నవ్వులు. నేను మాత్రం మామూలుగానే నిలబడ్డాననుకున్నా! వీడియో చూస్తే ఆయన అన్నది నిజమే. యోగాలో చేరాలా, జిమ్‌కి వెళ్లాలా?

పటికబెల్లం:
తెర లేచే ముందు రెండు మిరియాలు, పటికబెల్లం ముక్క బుగ్గన పెట్టుకోండి. మా తాతగారు కృష్ణుడి పద్యాలు తెల్లారేదాకా అలాగే పాడేవారు.

గజ్జెలమూట:
మిరియాల సంగతి తర్వాత చూద్దాం. "మామూలుగానే నిలబడ్డాననుకున్నా" అన్నారు చూడండి, తిరకాసంతా అక్కడే ఉంది.

ఆస్ట్రేలియాలో ఎఫ్.ఎం. అలెగ్జాండర్ అని ఒక నటుడు ఉండేవాడు, 1869లో పుట్టాడు. స్టేజి మీద షేక్‌స్పియర్ చదివేవాడు. మీలాగే గొంతు పోయేది. విశ్రాంతి తీసుకుంటే తగ్గేది, స్టేజి ఎక్కితే మళ్లీ మొదటికొచ్చేది. చివరికి అద్దం ముందు నిలబడి చదువుతూ చూసుకున్నాడు. మాట మొదలుపెట్టగానే మెడ బిగించి తల వెనక్కి లాగుతున్నాడు, నోటితో గాలి బుస్సున పీలుస్తున్నాడు. సరే, తల ముందుకు పెడదామనుకున్నాడు. పెట్టాననే అనుకున్నాడు కూడా. పక్కన ఇంకో రెండు అద్దాలు పెట్టుకుని చూస్తే తల వెనక్కే పోతోంది!

నాకూ ఇలాంటిదే జరిగింది. కూచిపూడి నేర్చుకునే రోజుల్లో తరంగం అంటే హడల్. పళ్లెం అంచు మీద నిలబడి ఎంత గింజుకున్నా కదిలేది కాదు. మాస్టారు నా కాళ్ల వైపు చూడనే లేదు. దవడ మీద వేలు పెట్టి "ముందు ఇది వదులు" అన్నారు. పళ్లు కరిచిపట్టి ఉన్నానని అప్పటిదాకా నాకే తెలీదు. వదిలాక ఒక అంగుళం జరిగింది పళ్లెం. ఆ రోజుకి అంతే.

మీరు చేయాల్సింది చెప్తా. రిహార్సల్‌కి ముందు ఓ పావుగంట చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు పైకి మడిచి, తల కింద రెండు పుస్తకాలు పెట్టండి, దిండు వద్దు. ఏ కసరత్తూ చేయొద్దు, ఊరికే ఉండటమే. తర్వాత ఫోన్‌ని పక్క నుంచి పెట్టి వీడియో తీసుకోండి. డైలాగ్ అందుకోబోయి, అనకుండా ఆగండి. ఆ ఆగిన క్షణంలో ఏం బిగుసుకుందో చూడండి. దాన్ని వెంటనే సరిచేయబోకండి, సరిచేయబోతే ఇంకోచోట బిగుస్తుంది. యోగా మంచిదే, చేయండి. జిమ్ మీ ఇష్టం, దానికీ దీనికీ సంబంధం లేదు.

మైకుముందు:
ఒక్క మాట. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించుకోండి. పటికబెల్లం గారూ, ఏమీ అనుకోకండి.

తెనాలి_తెర:
గజ్జెలమూట గారూ, నిన్న రాత్రి ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి తీశా. "ఒరే అబ్బాయ్" అనబోయి ఆగా. మాట రాకముందే గడ్డం పైకి లేచింది, వెనకే భుజాలూ లేచాయి. నాలుగుసార్లు తీసినా అంతే. మా ఆవిడ వీడియో చూసి "ఇదేం కొత్త? ఆఫీసు నుంచి ఫోనొస్తే ఎత్తేటప్పుడూ ఇలాగేగా మీరు" అంది.