ప్రపంచంలో నేరస్తులు ఎంతమంది? జైల్లో ఉన్నోళ్లంతా నేరస్తులేనా?

నల్లగొండ పోరడు: నిన్న రాత్రి క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే పంచాయితీ మొదలైంది. ప్రపంచం మొత్తం మీద నేరస్తులు ఎంతమంది ఉంటారు? ఒక దోస్తు పది కోట్లకు తక్కువ ఉండరు అంటాడు. ఇంకొకడు జైల్లో ఉన్నోళ్లే నేరస్తులు, కోటి అంటాడు. చాయ్ బిల్లు పందెం. తెలిసినవాళ్లు చెప్పండి.

బత్తాయి తోట: కోటి కాదు, జైళ్లలో ఉన్నది కోటి 15 లక్షలు. అమెరికాలో 18 లక్షల పైన, చైనాలో 17 లక్షలు, తర్వాత బ్రెజిల్, ఆ తర్వాత మనం. 2022 చివరికి మన జైళ్లలో 5 లక్షల 73 వేల మంది. 140 కోట్ల జనానికి ఇది ఎంత? లక్షకు నలభై మంది. అమెరికాలో లక్షకు 500 దాటుతారు. మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్‌లో 2022 మార్చిలో ఎమర్జెన్సీ పెట్టి గ్యాంగులోళ్లను లోపలేశారు, ఇప్పుడక్కడ లక్షకు వెయ్యి మంది పైనే. మరి మన దగ్గర అంతా మంచోళ్లేనా? కాదు. దొంగలు బయట తిరుగుతున్నారు, అంతే.

కోర్టు గుమాస్తా: ముందు అంకె సరిచేసుకోండి. లెక్క దొరికిన దేశాల వరకు దాదాపు కోటి 10 లక్షలు. చైనా 17 లక్షలంటే శిక్ష పడ్డవాళ్లు మాత్రమే, విచారణలో ఉన్నవాళ్లను ఆ దేశం అందులో చూపించదు. ఉత్తర కొరియా అయితే ఏ లెక్కా ఇవ్వదు. ఇవన్నీ ఊహించి కలిపితేనే మీ కోటి 15 లక్షలు. అంచనాను లెక్క అనకండి.

రెండోది, మీరు చెప్పిన మన 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా. వాళ్ల మీద ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు. ప్రపంచం మొత్తం చూస్తే ఇట్లాంటివాళ్లు మూడో వంతే ఉంటారు. మన జైళ్లు చూసి నేరస్తుల లెక్క తీయడమంటే, ఆసుపత్రి ఓపీ లైన్‌లో నిలబడ్డవాళ్లందరికీ ఒకటే రోగం రాసినట్టు.

బత్తాయి తోట: కోటి 10 లక్షలా, కోటి 15 లక్షలా? ఒక్క మాట మీద ఉండు. "అంచనా" అంటూనే అవి కూడా ఉన్నాయని నువ్వే ఒప్పుకుంటున్నావు కదా.

దేవరకొండ బస్టాండ్: ఇద్దరూ ఒక్క రోజు లెక్కే చెప్తున్నారు. 2021లో మన జైళ్లలోకి కొత్తగా పోయినోళ్లు 18 లక్షల మంది. డిసెంబర్ 31న తలలు లెక్కపెడితే దొరికింది 5 లక్షల 54 వేలు. రాత్రి పదింటికి బస్టాండ్‌లో కూర్చున్నోళ్లను లెక్కపెట్టి, ఇయ్యాల బస్సెక్కింది ఇంతేనంటే ఎట్ల?

పాలమూరు లేబర్: నేరస్తుడంటే ఎవరో ముందు తేల్చండన్నా. ఎఫ్‌ఐఆర్‌లో పేరున్నోడా, శిక్ష పడ్డోడా? హెల్మెట్ లేకుంటే కూడా అయితడా? అట్లయితే మా ఊరంతా ఇందులోనే.

నల్లగొండ పోరడు: అంటే చాయ్ బిల్లు ఎవరు కట్టాలె?

బత్తాయి తోట: నేరం చేసినోడే నేరస్తుడు. తీర్పు వచ్చేదాకా ఆగాలంటే ఈ దేశంలో ఎవరూ నేరస్తులు కారు. మా ఇంటి సంగతి చెప్తా. 2019లో మేం పెండ్లికి పోయి వచ్చేసరికి తాళం పగిలి ఉంది. బీరువాలో చీరలన్నీ మంచం మీద పరిచి పెట్టాడు. అమ్మ పుస్తెలతాడుతో కలిపి ఆరు తులాలు పోయింది. ఒకణ్ని పట్టుకున్నారు. రెండు నెలలకు బెయిల్ మీద వచ్చి మా వీధి మూల హోటల్లోనే చాయ్ తాగుతున్నాడు. వాణ్ని ఏ లెక్కలో రాయమంటావు గుమాస్తా?

కోర్టు గుమాస్తా: నిందితుడని రాయండి. పోయిన బంగారానికి నాకూ బాధే. కానీ ఎవరో ఒకణ్ని లోపలేస్తే బంగారం రాదు. నా సొంత తమ్ముడి సంగతి వినండి. బోరు మోటార్ కేబుల్ దొంగతనమని పట్టుకుపోయారు. మూడు వారాలకే బెయిల్ ఆర్డర్ వచ్చింది. పూచీకత్తుకు ఇద్దరు జమానతు ఉండాలన్నారు, పట్టాదారు పాస్‌బుక్ ఉన్నోళ్లు. నేను ఇరవై ఏళ్లు వకీలు ఆఫీసులో ఇవే కాగితాలు రాసినవాణ్ని, నాకే ఇద్దరు దొరకలేదు. "దొంగకు మా భూమి ఎందుకు పెట్టాలె" అన్నారు. బెయిల్ వచ్చినోడు నాలుగు నెలలు లోపలే ఉన్నాడు. ఆ తర్వాత కేసు కొట్టేశారు. మీ లెక్కలో ఆ నాలుగు నెలలు వాడు నేరస్తుడే.

దేవరకొండ బస్టాండ్: ఇట్లాంటివాళ్ల కోసమే 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. బెయిల్ వచ్చి ఏడు రోజుల్లో బయటికి రాకుంటే జైలు సూపరింటెండెంట్ ఉచిత న్యాయ సాయం చేసే న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలె. 2024 జులై నుంచి కొత్త చట్టంలో ఇంకోటి ఉంది. మొదటిసారి కేసులో పడ్డోడు, వేరే కేసులేవీ లేకుండా, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపితే బాండ్ మీద వదలాలె. ఉరి, యావజ్జీవం పడే కేసులకు వర్తించదు.

బత్తాయి తోట: వదలండి, ఇంకా వదలండి. వదిలేటోళ్లకే చట్టాలన్నీ. బంగారం పోయినోడికి ఏ సెక్షన్ ఉంది? గుమాస్తా, నీలాంటోళ్లే కాగితాలు రాసి దొంగలను బయటికి తెచ్చేది.

కోర్టు గుమాస్తా: అవును, రాశాను. ఒకటి కాదు, వందలు. సిగ్గుపడను. రాసినోడి మీద అరుస్తున్నారు, మరి ఆ దొంగకు జమానతుగా సంతకం పెట్టినోడిని అడిగారా?

బత్తాయి తోట: అడిగిన. సంతకం పెట్టింది మా బాబాయి. నా సొంత బాబాయి. ఆ దొంగ నాయన మా పొలంలో పాలేరుగా చేశాడట, ఆ పిల్లగాడు అట్లాంటోడు కాదట. మా అమ్మ పుస్తెలతాడు పోయింది, ఆయన పోయి ఆ దొంగకు పాస్‌బుక్ పెట్టాడు.

పాలమూరు లేబర్: బాబాయితో మాట్లాడక ఎన్నేండ్లయిందన్నా?

కోర్టు గుమాస్తా: మీ బాబాయి లాంటోడు మా ఊళ్లో ఒక్కడుంటే మా తమ్ముడు నాలుగు నెలలు లోపల ఉండేవాడు కాదు. తప్పుగా అనుకోవద్దు.

మోడరేటర్: కుటుంబ విషయాలు వద్దు. టాపిక్ మీదికి రండి.

బత్తాయి తోట: ఆరేండ్లు. పోయిన దసరాకు జమ్మి పెట్టడానికి ఇంటికి వచ్చిండు, నేను తోటకు పోయిన. దాని సంగతి వదిలేయ్. గుమాస్తా, కోటి 10 లక్షలా, కోటి 15 లక్షలా, ముందు అది తేల్చు.