చీరాల-పేరాల మీద నాటిక: గెలవని ఉద్యమాన్ని స్టేజీ మీద ఎలా ముగించాలి?

పేరాల_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది చీరాల పక్కనే. సంక్రాంతి తర్వాత జరిగే ఒక పరిషత్తు (నాటక పోటీలు) కోసం గంట నిడివి నాటిక రాస్తున్నాను. కథ 1921 నాటి చీరాల-పేరాల ఉద్యమం.

తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. రెండు ఊళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేశారు, ఏడాదికి 4 వేలున్న పన్ను 40 వేలకు పోయింది. ఊళ్లో ఎక్కువమంది నేతపని వాళ్లు, కట్టలేమన్నారు. బెజవాడ కాంగ్రెస్ సమావేశాలు ముగిశాక ఏప్రిల్‌లో గాంధీగారు చీరాల వచ్చి రెండు దారులు చూపించారు: పన్ను ఎగ్గొట్టి అహింసగా నిలబడి జైళ్లకు వెళ్లడం, లేదా మునిసిపాలిటీ హద్దు దాటి ఊరే ఖాళీ చేయడం. ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం రెండో దారి పట్టారు. 15 వేల జనాభాలో 13 వేల మంది దాకా ఇళ్లు వదిలేసి, హద్దు అవతల పాకలు వేసుకుని, ఆ చోటుకి రామనగర్ అని పేరు పెట్టుకుని 11 నెలలు బతికారు. దుగ్గిరాల గారు విరాళాల కోసం తిరుగుతూ బరంపురంలో అరెస్టయ్యారు, ఏడాది జైలు పడింది. నాయకుడు లేడు, చేతిలో డబ్బు లేదు, చివరికి జనం వెనక్కి వచ్చారు. మునిసిపాలిటీ మాత్రం పోలేదు.

నా బాధంతా ఆ చివరి వాక్యం దగ్గరే. మా ట్రూపులో పెద్దవాళ్లు "పరిషత్తులో ఓటమితో తెర వేస్తే చప్పట్లు రావు, చివర్లో దుగ్గిరాల గారితో ఒక పెద్ద డైలాగు పెట్టు, వెనక వందేమాతరం పెట్టు, అయిపోతుంది" అంటున్నారు. నాకేమో చెయ్యి రావట్లేదు. జరగని గెలుపు రాస్తే ఆ 11 నెలలు ఎండకీ వానకీ పాకల్లో ఉన్న వాళ్లకి అన్యాయం చేసినట్టే కదా. ఇంకో సందేహం, దుగ్గిరాల గారిని ముఖ్యపాత్ర చేయాలా లేక ఒక నేత కుటుంబాన్ని తీసుకోవాలా? కుటుంబాన్ని తీసుకుంటే అంతా కల్పించాల్సిందే, వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చరిత్ర నాటకంలో ఎంత కల్పించవచ్చు? రాసినవాళ్లు, ఆడించినవాళ్లు చెప్పండి.

తెరవెనుక:

తమ్ముడూ, ముందుగా ఆ పెద్ద డైలాగు జోలికి పోకు. నేను చాలా ఏళ్లుగా పరిషత్తు నాటికలు డైరెక్ట్ చేస్తున్నాను. నాయకుడి పాత్ర ముందుకొచ్చి చెయ్యెత్తి మూడు నిమిషాలు మాట్లాడితే హాల్లో చప్పట్లు వస్తాయి, నిజమే. కానీ బయట టీ కొట్టు దగ్గర ఆ నాటిక గురించి ఎవరూ మాట్లాడుకోరు.

కల్పన ఎంతవరకు అన్నావు కాబట్టి మన దగ్గరే ఉన్న పాత ఉదాహరణ చూడు. వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయం 1897లో వచ్చింది. 1323లో ఓరుగల్లు పడిపోయింది, ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకెళుతుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెబుతోంది. నాటకంలో మాత్రం మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వెళ్లి రాజుని విడిపించి తెస్తాడు. అంటే మీ వాళ్లు అడుగుతున్న పనే, ఓటమిని గెలుపుగా మార్చడం. పైగా అది తెలుగు స్టేజీ మీద గొప్పగా ఆడింది. మరి ఆయన చేస్తే ఒప్పు, నేను చేస్తే తప్పా అని నువ్వు అడగవచ్చు. తేడా ఉంది. శాస్త్రిగారు జనం నోట్లో, పాత చరిత్రల్లో నలిగిన కథని తీసుకున్నారు, అయిదువందల ఏళ్లకు పైగా గడిచిన సంగతి అది. నీ కథకు నూరేళ్లే. ఆ పాకల్లో పుట్టిన పిల్లల మనవలు నీ నాటిక చూడటానికి ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ల ముందు నువ్వు గెలిపిస్తే వాళ్లే నమ్మరు.

ఆ నాటకంలో నిజంగా నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అందులో రాజు పోలికలున్న చాకలి పేరిగాడు ఉంటాడు, చరిత్రలో ఎక్కడా లేనివాడు. పాత్రకు తగిన భాష ఉండాలని శాస్త్రిగారు వాడికి వాడి మాటే ఇచ్చారు. రాజుల పద్యాలు మరిచిపోయినవాళ్లకి కూడా పేరిగాడు గుర్తుంటాడు. కాబట్టి కుటుంబాన్నే తీసుకో, కల్పనంతా అక్కడ పెట్టు. తేదీలు, పన్ను, గాంధీగారి రాక, అరెస్టు, తిరిగి రావడం, వీటి జోలికి వెళ్లకు.

ఇంకో మాట. గాంధీగారిని స్టేజీ మీదకి తీసుకురావద్దు. కళ్లజోడు, కర్ర కనిపించగానే జనం పోలికలు చూడటం మొదలుపెడతారు, కథ వదిలేస్తారు. ఆయన చెప్పింది విని ఇంటికొచ్చిన మనిషి ఇంట్లో ఆడవాళ్లకి ఏం చెప్పాడు, అక్కడ ఏం గొడవైంది, అదీ నీ సీను.

బళ్లో_టీచర్:

తెరవెనుక గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. నిజ సంఘటన నుంచి నాటకం ఎలా పుడుతుందో చూడాలంటే కన్యాశుల్కం దగ్గరికే వెళ్లాలి, కాకపోతే నాటకం కన్నా ముందు దాని మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక చదవాలి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో ఆడపిల్లకు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా విజయనగరం మహారాజు తయారు చేయించారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు లెక్కకు వచ్చాయి. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. చదువుతుంటే కడుపులో తిప్పుతుంది.

ఇంత లెక్క చేతిలో ఉండి కూడా ఆయన దాన్ని ఏ పాత్ర చేతా చెప్పించలేదు. ఒక అగ్నిహోత్రావధాన్లు, ఒక సుబ్బి, ఒక లుబ్ధావధాన్లు, అంతే. మిగిలిన వెయ్యిమందీ ఆ ఒక్క ఇంట్లో కనిపిస్తారు. మీ నాలుగు వేలు, నలభై వేలు కూడా అంతే, ఊరి మొత్తం పన్ను ఎంత పెరిగిందో ప్రేక్షకుడికి అక్కర్లేదు. ఈ ఇంటికి ఎంత పడింది, అది ఎన్ని చీరల కూలి, అది చెప్పండి.

అలాగే తొందరపడకండి. కన్యాశుల్కం 1892లో స్టేజీ ఎక్కింది, 1897లో అచ్చయింది, మనం ఇప్పుడు చదివేది 1909లో దాదాపు కొత్తగా తిరగరాసింది. మధురవాణి అంత మనిషిగా ఎదిగింది ఆ రెండో కూర్పులోనే. అంటే రాసి, ఆడించి, చూసి, మళ్లీ రాశారు. మీరూ పరిషత్తుకి ముందు మీ ఊళ్లో ఒకసారి ఆడండి. నేతపని చేసినవాళ్లని, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లని పిలిచి చూపించండి. తప్పుంటే అక్కడికక్కడే చెప్పేస్తారు.

సమాచారం కోసం దూరం వెళ్లక్కర్లేదు, వేటపాలెం సారస్వత నికేతనం మీకు పక్కనే. 1918లో పెట్టిన లైబ్రరీ, పాత పత్రికలు దాచిన చోటు. 1921 పత్రికలు ఏవేవి ఉన్నాయో అడిగి కూర్చోండి. ఉద్యమం వార్తలే చూడకండి, ప్రకటనలు, ధరలు, వాన కబుర్లు కూడా రాసుకోండి. నాటికకి పనికొచ్చే సరుకు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

కరీంనగర్_రంగస్థలం:

అన్నా, నాది కొంచెం వేరే అభిప్రాయం. ఓటమి, గెలుపు అనే ప్రశ్న నాటకం రాసే రోజుని బట్టి కూడా ఉంటది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన మా భూమి చూడు, 1947. తెలంగాణల పోరాటం అప్పుడు నడుస్తనే ఉంది. ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ఆడితే సర్కారు నిషేధించింది. ఆ నాటకానికి జనాన్ని లేపడమే పని, కాబట్టి అందులో పిలుపు ఉండాల్సిందే. చూసినవాడు ఇంటికి పోయి ఏదో ఒకటి చెయ్యాలె. నువ్వు నూరేళ్ల తర్వాత రాస్తున్నవు, ఇప్పుడు ఎవర్నీ ఊరు ఖాళీ చేయమని పిలవట్లేదు కద. మరి నీ నాటిక ఇవాళ్టి ప్రేక్షకుణ్ణి ఏం అడుగుతది? అది తేల్చుకుంటే ముగింపు అదే వస్తది.

నన్నడిగితే నీ కథల విలన్ ఎవరనేది కూడా చూసుకో. మునిసిపాలిటీ అంటే దీపాలు, రోడ్లు, పారిశుధ్యం కూడా. అప్పుడు స్థానిక స్వపరిపాలన మంత్రి మన తెలుగాయనే, పానగల్లు రాజా. ఆయన వైపు వాదన ఒక్క పాత్రతోనన్నా గట్టిగ చెప్పించు. పన్ను కడదామనే మనిషి ఆ ఇంట్లోనే ఉండాలె, చదువుకున్న తమ్ముడో, బావమరిదో. వాణ్ణి ద్రోహిగా రాయకు. వాడు చెప్పేది కూడా సబబే అనిపించినప్పుడే నాటకంల పట్టు వస్తది.

ప్లీడరు_గుమాస్తా:

ఇది కూడా చూసుకోండి. నిజంగా బతికిన మామూలు మనుషుల పేర్లు పెట్టొద్దు, ఇంటిపేర్లు అసలే వద్దు. చీరాల్లో అందరికీ అందరూ తెలుసు, మా తాతని పిరికివాడిగా చూపించారని ఎవరైనా లేస్తే పరిషత్తువాళ్లు మీ నాటికని పక్కన పెట్టేస్తారు. కులాన్ని, వృత్తిని వెక్కిరించే వేషాలు జోలికి పోకండి. చింతామణి సంగతి తెలుసు కదా, కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనం మీద రాసిన నాటకం, పోను పోను సుబ్బిశెట్టి పాత్రని ఆడేవాళ్లు ఇష్టమొచ్చినట్టు పెంచి, బూతు కలిపి, చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించే దాకా వచ్చింది. నిషేధం సరైందని నేను అనను. కానీ స్క్రిప్టులో లేనిది స్టేజీ మీద చేరకుండా చూసుకునే బాధ్యత మీది, మీ డైరెక్టరుది.

కాపీరైటు విషయం: జరిగిన సంఘటన ఎవరి సొత్తూ కాదు. కానీ దాని మీద ఎవరైనా రాసిన కథో నవలో తీసుకుని నాటికగా మారిస్తే రచయిత అనుమతి కావాలి, ఆయన పోయి ఉంటే 60 ఏళ్ల వరకు వారసుల అనుమతి కావాలి. నోటి మాట సరిపోదు, కాగితం మీద తీసుకోండి.

పేరాల_కుర్రాడు:

అందరికీ చాలా థాంక్స్ అండి. తమ్ముడి పాత్ర మాట వినగానే నాకు దారి కనిపించింది. నిన్న రాత్రి కూర్చుని మొదటి సీను మళ్లీ రాశాను.

ఇంట్లో గుంట మగ్గం, అంటే నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసేది. పడుగు (నిలువు దారాలు) ఎక్కించి ఉంది, చీర సగం నేసి ఉంది. పెద్దవాడు సభ నుంచి వచ్చి ఎల్లుండి బయల్దేరుతున్నాం అంటాడు. తమ్ముడు పన్ను కట్టేద్దాం అంటాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే తల్లి మగ్గం మీంచి లేవదు, నాడె (అడ్డదారం ఉండే కండె) ఆడుతూనే ఉంటుంది. చివరికి ఒక్క మాట అంటుంది:

"రాటలు పీక్కుపోతారు, అచ్చు విప్పుకుపోతారు. ఈ గుంటని ఎట్టా మోసుకుపోతార్రా?"

ముగింపు కూడా ఇంచుమించు తేలింది. 11 నెలల తర్వాత అదే ఇల్లు. దుగ్గిరాల గారు జైల్లో ఉన్నారన్నది మాటల్లోనే తెలుస్తుంది, ఆయన స్టేజీ మీదకి రారు. గుంట మట్టితో పూడిపోయి ఉంటుంది. పన్ను కట్టేద్దామన్న తమ్ముడే పార పట్టుకుని తవ్వడం మొదలుపెడతాడు. పన్ను నోటీసు గుమ్మంలో ఉంటుంది, పెద్దవాడు దాన్ని చదువుతాడు, చింపడు. ఎంత కట్టాలో తల్లికి చెబుతాడు. అంతే, ఉపన్యాసం లేదు. మా పెద్దవాళ్లు ఒప్పుకుంటారో లేదో చూడాలి.

ఒకటే టెన్షన్. అద్దె స్టేజీ మీద గుంట ఎలా చూపించాలి?

తెరవెనుక:

తల్లి డైలాగు బాగుంది, దాన్ని ముట్టుకోకు. తర్వాత ఎవరైనా ఇంకో వాక్యం కలపమంటే కలపకు.

గుంటకి సులువైన ఉపాయం ఉంది. స్టేజీలో సగం దాకా అడుగున్నర ఎత్తు చెక్క ప్లాట్‌ఫారం వెయ్యి, ఇంటి నేల అంతా దాని మీదే. మగ్గం దగ్గర మాత్రం చెక్కలు తీసేసి ఖాళీ వదులు, ఆమె కాళ్లు కిందికి దిగుతాయి. ప్రేక్షకుల వైపు చెక్క మూసేయకు, కాళ్లు తొక్కుడు కర్రల మీద ఆడటం కనబడాలి. పూడిపోయిన గుంటకి గోనెసంచుల్లో రంపపు పొట్టు నింపి పైన పల్చగా మట్టి చల్లు. నిజం మట్టి పోస్తే నీ తర్వాత నాటికవాళ్లు ఊరుకోరు, సెట్టు తీయడానికి ఇచ్చే టైము చాలదు. పార చప్పుడు మాత్రం నిజంగా రావాలి, అందుకని సంచుల కింద ఒక రేకు ముక్క పెట్టు.

తల్లి వేషం వేసే ఆమెని నెల ముందే ఒక మగ్గం ఉన్న ఇంటికి పంపించు. నాడె విసరడం రాని మనిషి విసిరితే చీరాల్లో మొదటి నిమిషంలోనే పట్టేస్తారు. స్క్రిప్టు పూర్తయ్యాక ఇక్కడ పెట్టు, చదివి చెబుతాను.